రెండున్నర సెంట్ల కోత, వెయ్యి ఎకరాల తీర్పు

చల్లపల్లి చుట్టుపక్కల సార్వా వరి కోతకొచ్చే రోజుల్లోనే బంగాళాఖాతంలో వాయుగుండాలు పుడతాయి. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. 2025 అక్టోబరు 28 రాత్రి మొంథా తుపాను నరసాపురం దగ్గర దాటింది. రెండుసార్లూ కృష్ణా డెల్టాలో వరి నేలకొరిగింది. రెండుసార్లూ రైతుల నోట వచ్చిన ప్రశ్న ఒక్కటే. బీమా ఎంతొస్తుంది? అసలొస్తుందా?

ఆ జవాబు బీమా కంపెనీ ఆఫీసులో ఉంటుందని చాలామంది అనుకుంటారు. నిజానికి అది ఊళ్లోనే, నాలుగు మడి ముక్కల్లో ఉంటుంది. ఒక్కో ముక్క అయిదు మీటర్ల పొడవు, అయిదు మీటర్ల వెడల్పు. ఆ నాలుగింటిలో వచ్చిన ధాన్యం తూకమే ఊరి మొత్తానికి దిగుబడి. ఊళ్లో ప్రతి రైతుకూ, కౌలు రైతుకూ వర్తించే లెక్క అదే.

మరోవైపు ఎన్నికలప్పుడు టీవీల్లో లక్షల మందిని అడిగామంటూ సర్వేలు వస్తాయి. అంతమందిని అడిగినా ఫలితం తారుమారవుతుంది. నాలుగు ముక్కలతో ఊరి బతుకు తేల్చొచ్చా? లక్షల మందిని అడిగినా తప్పెందుకు వస్తుంది? రెండూ వేర్వేరు ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, రెండింటి వెనకా ఉన్నది శాంపిల్ లెక్కే. ఆ లెక్క తెలియకపోతే నష్టపోయేది చిన్న ఊళ్లూ, చిన్న సమూహాలే.

పంట కోత ప్రయోగం అంటే ఏంటి?

తుపాను తర్వాత వ్యవసాయ, రెవెన్యూ సిబ్బంది పొలం పొలం తిరిగి రాసే పంట నష్టం జాబితా ఒకటుంది. 33 శాతం, అంతకు మించి దెబ్బతిన్న చేలను అందులో రాస్తారు. ఇన్‌పుట్ సబ్సిడీ దాన్నిబట్టి వస్తుంది. అది ఒక్కో చేను చూసి వేసే లెక్క. కోసి ఆరబెట్టిన పనలు తుపానుకు తడిస్తే ఒక్కో రైతు నష్టాన్ని విడిగా చూసే ఏర్పాటు బీమాలోనూ ఉంది. కానీ ఊరు ఊరంతా దిగుబడి పడిపోయినప్పుడు ప్రధానమంత్రి ఫసల్ బీమా పథకం ఒక్కో రైతు చేను చూడదు. గ్రామాన్ని ఒక యూనిట్‌గా తీసుకుని, ఆ యూనిట్ సగటు దిగుబడి ఎంత అని మాత్రమే చూస్తుంది. ఆ సగటు కోసం గ్రామ యూనిట్‌లో ప్రధాన పంటకు కనీసం నాలుగు పంట కోత ప్రయోగాలు చేయాలని పథకం నిబంధన.

చేలను ఎవరి ఇష్టం వచ్చినట్టు ఎంచుకోకూడదు. సర్వే నంబర్ల జాబితా నుంచి లాటరీ తీసినట్టు ఎంపిక చేస్తారు. ఎంపికైన చేలో కూడా ఒక మూల నుంచి పొడవునా ఇన్ని అడుగులు, వెడల్పునా ఇన్ని అడుగులు అని ముందే వచ్చిన అంకెల ప్రకారం నడిచి, అక్కడ తాడు కట్టి ముక్క గుర్తిస్తారు. గట్టు పక్కన బలంగా ఉన్న వరినో, నీళ్లు నిలిచి పాడైన మూలనో కావాలని పట్టుకోకుండా ఉండటానికే ఈ పద్ధతి. తర్వాత కోసి, నూర్చి, తూచి, ఆరబెట్టి మళ్లీ తూస్తారు.

పద్ధతిలో తప్పు లేదు. భారతదేశంలో దీనికి వందేళ్ల చరిత్ర ఉంది. 1920ల్లోనే బిహార్, ఒరిస్సా ప్రాంతంలో హబ్బక్ అనే అధికారి వరి దిగుబడిని ఇలా లాటరీ ముక్కలతో అంచనా కట్టారు. తర్వాత బెంగాల్‌లో మహలనోబిస్ జనపనార మీద, వ్యవసాయ పరిశోధన మండలిలో సుఖాత్మే ఆహార పంటల మీద దీన్ని పెద్ద ఎత్తున నడిపించారు. 1950లో మొదలైన నేషనల్ శాంపిల్ సర్వే కూడా ఈ దారిలో పుట్టిందే.

చిక్కంతా ఆ ‘నాలుగు’ అనే అంకెలో ఉంది.

బస్తాల్లో చెప్పుకుంటే

ఒక్కో ముక్క 25 చదరపు మీటర్లు. నాలుగు కలిపితే 100 చదరపు మీటర్లు. అంటే సుమారు రెండున్నర సెంట్లు. ఊళ్లో వెయ్యి ఎకరాల వరి ఉందనుకుంటే, రెండున్నర సెంట్ల కోత ఆ వెయ్యి ఎకరాల తరఫున మాట్లాడాలి.

తూకంలో చిన్న తేడా ఎంత పెద్దదవుతుందో చూడండి. ఎకరాకు 75 కిలోల బస్తాలు 30 పండే చేలో, 25 చదరపు మీటర్ల ముక్కలో పండేది 14 కిలోల లోపే. అక్కడ ఒక్క కిలో అటూ ఇటూ అయితే ఎకరాకు రెండు బస్తాలకు పైగా తేడా పడుతుంది. కానీ ఇది తూకంలో జాగ్రత్తతో సరిదిద్దుకోగలిగిన తప్పు. అసలు తేడా చేను చేనుకూ మధ్య ఉంటుంది.

డెల్టాలో ఒకే ఊళ్లో మెరక చేను నిలబడుతుంది, పల్లపు చేను మునుగుతుంది. కాలువ చివరి భూముల సంగతి వేరు, మురుగు కాలువ పక్క భూముల సంగతి వేరు. ముందే కోసి ఒబ్బిడి చేసుకున్నాయన గట్టెక్కుతాడు, వారం ఆలస్యంగా నాటిన ఆయన చేను పొట్ట మీద ఉండగా గాలికి దొరుకుతుంది.

ఒక ఊహా ఉదాహరణ తీసుకోండి. తుపాను తర్వాత ఊరి నిజమైన సగటు దిగుబడి ఎకరాకు 21 బస్తాలు. చేలలో మాత్రం మామూలుగా ఆరు బస్తాలు అటూ ఇటూ తేడా ఉంది. కొన్ని 15, కొన్ని 27. బీమా లెక్కలో ఊరి హామీ దిగుబడి 25 బస్తాలు అనుకోండి. గత ఏడేళ్లలో మెరుగైన అయిదేళ్ల సగటు తీసి, దాన్ని పథకం ఇచ్చే హామీ శాతంతో గుణిస్తే వచ్చే అంకె అది. ఎకరాకు బీమా మొత్తం 40,000 రూపాయలు అనుకోండి. నిజం ప్రకారం రావాల్సింది 25లో 4 బస్తాల లోటు, అంటే 16 శాతం, 6,400 రూపాయలు.

ఇప్పుడు నాలుగు ముక్కలు కోస్తారు. చేలలో తేడా ఆరు బస్తాలైతే, నాలుగు ముక్కల సగటులో తేడా అందులో సగం, మూడు బస్తాలు. అంటే మూడింట రెండుసార్లు సగటు 18కీ 24కీ మధ్య వస్తుంది. లాటరీలో పల్లపు చేలు ఎక్కువ తగిలి సగటు 18 వస్తే ఎకరాకు 11,200 రూపాయలు. మెరక చేలు తగిలి 24 వస్తే 1,600 రూపాయలు. సగటు 25 దాటిపోయి పైసా రాకుండా పోయే అవకాశం కూడా సుమారు పదకొండు సార్లలో ఒకసారి ఉంటుంది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ తూకం తప్పు వేయలేదు. అయినా కాలువకు ఇవతలి ఊరికి 11,200, అవతలి ఊరికి 1,600. నష్టం మాత్రం ఇద్దరిదీ ఒకటే.

ఈ తేడా ఒక్క రైతుకే నష్టం చేస్తుందనుకుంటే పొరపాటు. నష్టం పెద్దగా లేని ఊళ్లో పల్లపు చేలు తగిలితే రాకూడని డబ్బు వస్తుంది. అందుకే కంపెనీలు కూడా కోతల మీద అభ్యంతరాలు పెడుతుంటాయి. చిన్న శాంపిల్ ఎవరి పక్షానా నిలబడదు. అది అటూ ఇటూ ఊగుతుంది, అంతే.

అదే ఊళ్లో పదహారు ముక్కలు కోస్తే? తేడా మూడు బస్తాల నుంచి ఒకటిన్నరకు తగ్గుతుంది. పైసా రాకుండా పోయే ప్రమాదం రెండొందల సార్లలో ఒకసారి కూడా ఉండదు. కానీ పని నాలుగింతలవుతుంది. తేడా సగానికి తగ్గాలంటే శాంపిల్ రెండింతలు చేస్తే సరిపోదు, నాలుగింతలు చేయాలి. మూడో వంతుకు తగ్గాలంటే తొమ్మిదింతలు. కోతలు పట్టుమని పది పదిహేను రోజుల్లో అయిపోయే చోట, ఉన్న కొద్దిమంది సిబ్బందితో ఇది చిన్న విషయం కాదు. ప్రభుత్వాలు నాలుగు దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే.

గుండిగ పెద్దదైనా గరిటె అదే

మనుషుల సర్వేకూ ఇదే సూత్రం. ఒక ప్రశ్నకు జనం సగం మంది అవునని, సగం మంది కాదని అంటున్నారనుకోండి. లాటరీ తీసినట్టు 100 మందిని అడిగితే అంచనాలో తేడా 10 శాతం అటూ ఇటూ ఉంటుంది. 400 మందిని అడిగితే 5 శాతం. 1,600 మందిని అడిగితే 2.5 శాతం. ఒక్క శాతానికి తేవాలంటే సుమారు 10,000 మంది కావాలి. వంద సర్వేలు చేస్తే 95 సర్వేలు ఈ హద్దుల్లో ఉంటాయని దీని అర్థం. మిగతా అయిదు ఆ హద్దులూ దాటొచ్చు.

ఇక్కడ చాలామందికి మింగుడుపడని విషయం ఒకటుంది. చల్లపల్లి మండలంలో సర్వే చేసినా, అయిదు కోట్ల జనాభా ఉన్న రాష్ట్రంలో చేసినా, వెయ్యి మందిని అడిగితే తేడా రెండు చోట్లా ఒకటే, సుమారు 3 శాతం. చిన్న గిన్నెలో పులుసైనా, పెళ్లి గుండిగలో పులుసైనా బాగా కలిపితే రుచి చూడటానికి గరిటెడు చాలు. గుండిగ పెద్దదని బకెట్టుతో రుచి చూడరు.

‘బాగా కలిపితే’ అన్న మాటే కీలకం. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టుకుంటే తెలుస్తుందంటారు. దమ్ బిర్యానీ డేగిసాకు ఆ మాట పనికిరాదు. పైన పలుకుగా ఉండొచ్చు, అడుగున మాడొచ్చు. పైనుంచి వంద మెతుకులు పట్టి చూసినా అడుగు సంగతి తెలియదు. సర్వేల్లో లాటరీ పద్ధతి చేసే పని డేగిసాను కలపడమే. అది లేకుండా ఎంత పెద్ద శాంపిల్ తీసినా పైపొర రుచే తెలుస్తుంది.

లక్షల మందిని అడిగినా తప్పెందుకు?

2024 ఎన్నికలు దీనికి మంచి పాఠం. ఆంధ్రప్రదేశ్‌లో మే 13న పోలింగ్ జరిగింది. దేశంలో చివరి దశ ముగిశాక జూన్ 1 సాయంత్రం ఎగ్జిట్ పోల్స్ బయటికొచ్చాయి. రాష్ట్ర అసెంబ్లీకి ఆరా సంస్థ వైఎస్సార్సీపీకి 94 నుంచి 104 సీట్లు ఇచ్చింది. యాక్సిస్ మై ఇండియా ఎన్డీఏ కూటమికి 98 నుంచి 120 ఇచ్చింది. కేకే సర్వే కూటమికి 161 ఇచ్చింది. ఒకే రాష్ట్రం, ఒకే ఓటర్లు, ఒకే పోలింగ్. జవాబులు మాత్రం మూడు రకాలు. జూన్ 4న కూటమికి 164, వైఎస్సార్సీపీకి 11 వచ్చాయి.

దేశం మొత్తం మీద యాక్సిస్ మై ఇండియా శాంపిల్ సుమారు 5.8 లక్షలు. లాటరీ సూత్రం ప్రకారం ఇంత పెద్ద శాంపిల్‌లో తేడా అర శాతం కూడా ఉండకూడదు. కానీ ఆ సంస్థ ఎన్డీఏకు 361 నుంచి 401 సీట్లు చెప్పగా, వచ్చినవి 293. శాంపిల్ చిన్నదై తప్పిన అంచనా కాదిది.

తప్పు రెండు చోట్ల నుంచి రావొచ్చు. మొదటిది, ఎవరు మాట్లాడారు, ఎవరు మాట్లాడలేదు అన్నది. మైకు చూడగానే ముందుకొచ్చి చెప్పేవాళ్లు ఒక రకం, తలుపేసుకునేవాళ్లు ఇంకో రకం. పథకం పోతుందేమో, ఊళ్లో పెద్దలకు తెలిసిపోతుందేమో అన్న భయంతో ఒకటి చెప్పి ఇంకొకటి నొక్కేవాళ్లు మరో రకం. ఈ తప్పు శాంపిల్ పెరిగితే తగ్గదు. పదివేల మంది దగ్గర చేసిన తప్పునే లక్షల మంది దగ్గర మళ్లీ చేస్తారు, అంతే. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రికకు దాదాపు 24 లక్షల మంది జవాబులు పంపారు. లాండన్ గెలుస్తాడని ఆ పత్రిక రాసింది. దానికంటే ఎంతో చిన్న శాంపిల్‌తో గ్యాలప్ సంస్థ రూజ్‌వెల్ట్ గెలుస్తాడని చెప్పింది, అదే నిజమైంది. పత్రిక చిరునామాలు తీసుకున్నది ఎక్కువగా టెలిఫోన్, కారు ఉన్నవాళ్ల జాబితాల నుంచి. పేదల మాట ఆ డేగిసా అడుగునే ఉండిపోయింది.

రెండోది, ఓట్ల శాతం వేరు, సీట్లు వేరు. రాష్ట్రం మొత్తం మీద 20,000 మందిని అడిగారనుకోండి. ఓట్ల శాతానికి అది చాలా మంచి శాంపిల్. కానీ 175 నియోజకవర్గాలకు పంచితే ఒక్కోదానికి 114 మంది. చల్లపల్లి ఉన్న అవనిగడ్డ నియోజకవర్గంలో 114 మందిని అడిగితే తేడా 9 శాతం అటూ ఇటూ ఉంటుంది. 2019లో వైఎస్సార్సీపీ, 2024లో జనసేన గెలిచిన సీటు అది. హోరాహోరీ పోటీ ఉన్నచోట 9 శాతం తేడాతో గెలిచేదెవరో చెప్పలేరు. అందుకని సంస్థలు పాత ఫలితాలు, కులాల లెక్కలు, రాష్ట్రమంతటా ఒకేలా గాలి వీస్తుందన్న ఊహ కలిపి సీట్లు కడతాయి. తెర మీద కనిపించే సీట్ల అంకెలో జనం చెప్పింది కొంత, సంస్థ ఊహించింది కొంత. రెండోదాని గురించి చెప్పేవాళ్లు తక్కువ.

ఎగ్జిట్ పోల్స్‌కూ ఫలితాలకూ మధ్య డెల్టా ఊళ్లలో పందేలు కాసేవాళ్లు చూసుకున్నది మాత్రం ఆ సీట్ల అంకెనే.

చిన్న గడిలో ఎంతమంది ఉన్నారు?

ఎన్నికల అంచనా తప్పితే నాలుగు రోజులు చెప్పుకుని మర్చిపోతారు. పథకాలు, రిజర్వేషన్లు, నిధులు నిర్ణయించే సర్వేల సంగతి అలా కాదు. అక్కడ అడగాల్సిన ప్రశ్న మొత్తం శాంపిల్ ఎంత అన్నది కాదు. ఏ గడి గురించి మాట్లాడుతున్నారో ఆ గడిలో ఎంతమంది ఉన్నారు అన్నది.

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతను చూడండి. దేశంలో ఆరు లక్షలకు పైగా కుటుంబాలను కలిసిన సర్వే అది. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో 11,346 కుటుంబాల దగ్గర వివరాలు తీసుకున్నారు. రాష్ట్రానికి అది గట్టి అంకె. అప్పుడున్న 13 జిల్లాలకు పంచితే సగటున జిల్లాకు 870 కుటుంబాలు. జిల్లాకు కూడా పనికొస్తుంది. కానీ అయిదేళ్ల లోపు పిల్లలున్న ఇళ్లు వాటిలో కొన్నే. ఒక జిల్లాలో 200 మంది పిల్లలు దొరికారనుకుంటే తేడా 7 శాతం దాకా పోతుంది. పోషకాహార లోపం మూడు పాయింట్లు తగ్గిందని ఎవరైనా గొప్పగా ప్రకటిస్తే, అది తగ్గిందో, శాంపిల్ ఊగిందో ఆ అంకె ఒక్కటే చూసి చెప్పలేరు.

ఇంకో మెట్టు దిగండి. 2011 జనగణన ప్రకారం ఇప్పటి ఆంధ్రప్రదేశ్‌లో ముస్లింలు సుమారు 7 శాతం. ఒక జిల్లాలో 870 కుటుంబాల శాంపిల్‌లో అదే నిష్పత్తి ఉందనుకుంటే 60 ముస్లిం కుటుంబాలు దొరుకుతాయి. వాటిలో ఏదో ఒక సౌకర్యం 30 శాతం ఇళ్లలో ఉందని వస్తే, నిజం 18కీ 42కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. అది కూడా 60 ఇళ్లూ వేర్వేరు చోట్ల నుంచి వస్తేనే. ఖర్చు తగ్గించడానికి సర్వేలు కొన్ని ఊళ్లను ఎంచుకుని ఒక్కో ఊళ్లో కొన్ని ఇళ్లను కలుస్తాయి. ఒకే బజారులో ఉన్న ఇరవై ఇళ్లు ఇరవై రకాల జీవితాలు కావు. మసీదు వెనక వీధిలో నీళ్ల పైపు లేకపోతే ఆ ఇరవై ఇళ్లకూ ఉండదు. కాబట్టి నిజమైన తేడా ఇంకా పెద్దది. ఇందులో దూదేకుల కుటుంబాలెన్ని, షేక్‌లెందరు అని విడదీస్తే గడిలో పది, పదిహేను ఇళ్లకు మించి మిగలవు.

ఈ సర్వే నివేదికల్లో ఒక మంచి అలవాటుంది. ఒక గడిలో 25 నుంచి 49 మంది మాత్రమే ఉంటే అంకెను బ్రాకెట్లో పెడతారు. 25 కంటే తక్కువుంటే అంకె వేయకుండా చుక్క గుర్తు పెట్టి వదిలేస్తారు. ఇక్కడ చెప్పడానికి మా దగ్గర సరిపడా మనుషులు లేరు అని ఒప్పుకోవడం అది. అయితే ఆ బ్రాకెట్లు, చుక్కలు పత్రికల దాకా, అసెంబ్లీ ప్రసంగాల దాకా వచ్చేసరికి రాలిపోతాయి.

ఇందులో ఇంకో ప్రమాదం ఉంది. చుక్క పడిన గడిని ‘సమస్య లేదు’ అని చదివేవాళ్లు ఉంటారు. సమాచారం లేకపోవడం వేరు, సమస్య లేకపోవడం వేరు. మైనారిటీలు, యానాదులు, ఎరుకలు, సముద్రపు ఒడ్డు మత్స్యకారులు, కౌలుదారులు ఎక్కువగా ఉండేది ఈ చుక్కల గడుల్లోనే.

2005లో ఏర్పడిన సచార్ కమిటీ 2006 నవంబరులో ఇచ్చిన నివేదికకు ఆధారం 2001 జనగణన, నేషనల్ శాంపిల్ సర్వే 61వ విడత వంటి పెద్ద లెక్కలు. దేశానికి, పెద్ద రాష్ట్రాలకు అవి మాట్లాడగలిగాయి. జిల్లా, మండల స్థాయిలో సమాచారం కోసం జాతీయ డేటా బ్యాంకు కావాలని కమిటీ అడగడానికి కారణం ఆ కొరతే. అంకె గట్టిగా లేకపోతే హక్కు కూడా గట్టిగా నిలబడదు. ఉమ్మడి రాష్ట్రం 2007లో తెచ్చిన బీసీ-ఇ చట్టాన్ని 2010 ఫిబ్రవరిలో హైకోర్టు కొట్టేసినప్పుడు, వెనుకబాటును గుర్తించిన పద్ధతి కూడా కోర్టులో ప్రశ్నకు గురైంది. అదే ఏడాది మార్చిలో సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులు ఇవ్వడంతో ఆ 4 శాతం కోటా కొనసాగింది. సమర్థించేవాళ్లయినా, వ్యతిరేకించేవాళ్లయినా చివరికి తేల్చుకోవాల్సింది లెక్క దగ్గరే.

పాత జాబితా, కొత్త జిల్లా

శాంపిల్ తీయాలంటే ముందు పూర్తి జాబితా ఉండాలి. ఆ జాబితా ఇచ్చేది జనగణన. 2021లో జరగాల్సింది 2027కు వాయిదా పడింది. 2011 తర్వాత ఊళ్లు పెరిగాయి, వలసలు పోయారు, కొత్త కాలనీలు వచ్చాయి. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో 13 జిల్లాలు 26 అయ్యాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు పోయింది, చల్లపల్లి మచిలీపట్నం కేంద్రంగా ఉన్న కృష్ణా జిల్లాలో మిగిలింది. పాత కృష్ణా జిల్లా అంకెలో విజయవాడ నగరం కలిసి ఉంది. ఆ సగటును తెచ్చి ఇప్పటి డెల్టా పల్లెలకు అంటిస్తే, బెంజి సర్కిల్ ఆదాయాన్ని దివిసీమ కూలీ ఖాతాలో వేసినట్టే.

సగటు దిగువన ఏముందో తెలుసుకోవాలంటే దారులున్నాయి. ఒకటి శాంపిల్ పెంచడం. ఉద్యోగాల మీద జరిగే పీఎల్ఎఫ్ఎస్ సర్వేలో 2025 జనవరి నుంచి ఏడాదికి కలిసే కుటుంబాలను 1,02,400 నుంచి 2,72,304కు పెంచి, జిల్లాను ఆధారంగా తీసుకుని ఎంపిక మొదలుపెట్టారు. మంచి అడుగే. కానీ దేశంలోని ఏడొందలకు పైగా జిల్లాలకు పంచితే జిల్లాకు వచ్చేది మళ్లీ వందల్లోనే. రెండో దారి, చిన్న సమూహాల దగ్గర కావాలని ఎక్కువ ఇళ్లను కలిసి, మొత్తం లెక్క కట్టేటప్పుడు వాటి బరువు తగ్గించుకోవడం. వందకు ఏడుగురున్నారని ఏడుగురినే అడగాలన్న రూలేం లేదు. వందల మందిని అడిగి వాళ్ల గడిని గట్టిపరచొచ్చు.

మూడో దారి, ఇతర సమాచారాన్ని జత చేయడం. పంటల బీమాలో 2023 ఖరీఫ్ నుంచి వరి, గోధుమలకు శాటిలైట్ ఆధారిత దిగుబడి అంచనాకు కనీసం 30 శాతం బరువు ఇచ్చే పద్ధతి తెచ్చారు. శాటిలైట్ నాలుగు ముక్కలు కాదు, ఊరి పొలాలన్నీ చూస్తుంది. కానీ పైనుంచి పచ్చగా కనిపించిన చేలో గింజ తాలుదా, గట్టిదా అన్నది దానికి సులువుగా అంతుపట్టదు. దాన్ని సరిచూసుకోవడానికి కూడా నేల మీద కోతలే కావాలి.

నాలుగోది పూర్తి లెక్క. 2024 నవంబరులో తెలంగాణ మొదలుపెట్టిన కుల సర్వే ఆ తరహాది. పూర్తి లెక్కలో శాంపిల్ తేడా ఉండదు. తలుపు తీయనివాళ్లు, జాబితాలో లేనివాళ్ల తప్పు మాత్రం అందులోనూ ఉంటుంది. ఆ సర్వే సుమారు 97 శాతం కుటుంబాలను చేరిందని ప్రభుత్వమే చెప్పింది. మిగిలిన మూడు శాతం ఎవరన్నది కూడా ఒక ప్రశ్నే.

అంకె కనిపిస్తే ఏం అడగాలి?

ఎంతమందిని అడిగారన్నది మొదటి ప్రశ్న కాదు. ఎలా ఎంచుకున్నారు? లాటరీ పద్ధతా, దొరికినవాళ్లనా? అడిగినవాళ్లలో ఎంతమంది జవాబు చెప్పలేదు? ఏ జాబితా నుంచి తీసుకున్నారు, అది ఏ సంవత్సరానిది? మా జిల్లా, మా కులం, మా మతం, మా పంట అన్న గడిలో నిజంగా ఎంతమంది ఉన్నారు? తేడా ఎంత అటూ ఇటూ? వీటికి జవాబు చెప్పని సర్వే, అంకె ఎంత పెద్దదైనా, సర్వే కాదు. ప్రచారం.

ప్రభుత్వం విషయంలో డిమాండ్ ఇంకా సూటిగా ఉండొచ్చు. బీమా చెల్లింపు ప్రకటించేటప్పుడు ఊరి సగటు ఒక్కటే చెబితే చాలదు. నాలుగు ముక్కలు ఎక్కడెక్కడ తగిలాయి, ఒక్కోదానిలో ఎన్ని కిలోలు వచ్చాయి అన్నది రైతు సేవా కేంద్రం గోడ మీద రాయాలి. కోతల వివరాలు, ఫొటోలు, జీపీఎస్ గుర్తులు మొబైల్ యాప్‌లోకి ఎక్కుతూనే ఉన్నాయి కాబట్టి కొత్తగా పుట్టించాల్సిన సమాచారం ఏదీ లేదు. నాలుగు ముక్కల మధ్య తేడా మరీ ఎక్కువ వచ్చిన ఊళ్లో, అది శాంపిల్ చాలలేదన్న హెచ్చరికగా తీసుకుని, కోతలు పూర్తి కాకముందే ఇంకో నాలుగు చేయాలి. తుపాను తగిలిన మండలాల్లో ఈ పని ముందు జరగాలి. ఎందుకంటే మామూలు ఏడాది చేలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి, నాలుగు ముక్కలు సరిపోవచ్చు. తుపాను ఏడాదే మెరకకూ పల్లానికీ మధ్య తేడా విపరీతంగా పెరుగుతుంది. బీమా అవసరమయ్యేదీ ఆ ఏడాదే, నాలుగు ముక్కలు చాలకుండా పోయేదీ ఆ ఏడాదే.

ఖరీఫ్‌లో ఆహార పంటలకు బీమా మొత్తంలో 2 శాతం దాకా రైతు ప్రీమియం కడతాడు. కౌలు రైతైతే దాని మీద కౌలు బస్తాలు కూడా కట్టాలి. తన చేను కోసి చూడరని అతనికి తెలుసు. ఊరి తరఫున కోసిన నాలుగు ముక్కలు ఎవరి చేలలో తగిలాయో, ఎన్ని కిలోలు తూగాయో కూడా తెలియకపోతే, చేతికొచ్చిన డబ్బు న్యాయమో కాదో అతను ఎప్పటికీ తేల్చుకోలేడు.